నిద్రలో పళ్ళు నూరుట

కోపం పట్టలేనివాడు పళ్ళు నూరుతాడంటారు. ఏ కోపమూ లేకుండా నిద్రలో నూరేవారూ ఉన్నారు. వైద్యులు దీనిని బ్రక్సిజం అంటారు. పిల్లలు నూరితే కడుపులో నులిపురుగులున్నాయని పెద్దలు చెప్పడం కద్దు. అందుకు గట్టి ఆధారం లేదు. మానసిక ఒత్తిడి, మితిమీరిన కాఫీ, పొగతాగడం దీనిని పెంచుతాయి. ఉప్పల్ దాటి వరంగల్ దారిలో ఉన్న పోచారం ఐ.టి. ప్రాంగణాలలో గడువులతో సతమతమయ్యే యువకులకు ఇది పరాయి సంగతి కాదు.

నూరేవానికి ఆ విషయం తెలియదు. పక్కన పడుకున్నవారే వింటారు. పంటిపై ఉండే ఎనామిల్ శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయినా ఒకసారి అరిగితే తిరిగి పెరగదు. అందుచేత దంతవైద్యుడు పలువరుస అచ్చు తీసి, అక్రిలిక్ తొడుగు చేయిస్తాడు. రాత్రి దానిని ధరిస్తే పంటికి బదులు తొడుగు అరుగుతుంది. నూరుటను మాత్రం అది మాన్పదు. తొడుగును చన్నీటితోనే కడగాలి. వేడినీరు తగిలితే దాని ఆకారం చెడుతుంది.