బ్యాటరీ బండ్లలో విద్యుచ్ఛక్తి నష్టము - రైతు చూసుకోవలసిన లెక్క



ధవళేశ్వరము వద్ద కాలువకు వదలిన నీరంతయు శివారు చేనుకు చేరదని మన డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. కొంత భూమిలో ఇంకిపోవును, కొంత ఎండకు ఆవిరియగును, కొంత గండ్ల వెంట పోవును. అందుచేతనే దాళ్వా సాగుకు నీటి లెక్క వేయువారు చేనుకు కావలసినదే గాక దారిలో పోవు నీటిని కూడ కలుపుకొందురు. విద్యుత్తుతో నడచు బండ్లకు సైతము ఇట్టి లెక్కయే వేయవలెను.

తణుకు ప్రాంతమున కూరగాయలు, పాలక్యాన్లు, ఎరువుల బస్తాలు చేరవేయుటకు బ్యాటరీ ఆటో కొనదలచినవారు సాధారణముగా “బ్యాటరీ ఇన్ని యూనిట్లు, బండి ఇన్ని కిలోమీటర్లు” అని మాత్రమే చూచి కిరాయి నిర్ణయించుకొందురు. కాని బిల్లు వచ్చునది బ్యాటరీలో చేరిన యూనిట్లకు కాదు, ఇంటి మీటరు మీద తిరిగిన యూనిట్లకు. ఈ రెంటికి గల భేదము బండి ఒక్క అడుగు కదలకుండగనే జరిగిన నష్టము.

నష్టము ఎచ్చట జరుగును?

1. ఛార్జరులో: ఇంటికి వచ్చు విద్యుత్తును బ్యాటరీకి తగినట్లు మార్చునది ఛార్జరు. ఈ మార్పులో కొంత శక్తి వేడిగా పోవును. ఛార్జరును తాకిన చేతికి తగులు వేడి మీరు సొమ్ము చెల్లించిన విద్యుత్తే.

2. బ్యాటరీలో: శక్తిని నింపునప్పుడును, తీయునప్పుడును కొంత పోవును. లిథియం బ్యాటరీలో ఇది స్వల్పము. సీసము, ఆమ్లముతో చేసిన పాతరకము బ్యాటరీలో నూటికి 20 వంతులు, అంతకు మించియు పోవచ్చును.

3. తీగలో: సన్నని తీగ పంట బోదె వంటిది, ఎక్కువ పారించిన నష్టము పెరుగును. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 20 మీటర్లు లాగి 12 ఆంపియర్లు పంపిన, సుమారు 65 వాట్లు తీగలోనే వేడియగును. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగయైన 25 వాట్లతో పోవును. సన్నని తీగ వలన నష్టమే గాక అగ్నిప్రమాద భయము కూడ కలదు.

4. నిలిచియున్నప్పుడు: బండి ఆపినను దానిలోని చిన్న యంత్రభాగములు కొద్దికొద్దిగా శక్తిని తీసుకొనుచుండును. ఛార్జరును గోడకు తగిలించి వదలిన, అది 5 వాట్లు మాత్రమే తీసుకొన్నను నెలకు సుమారు మూడున్నర యూనిట్లగును.

లెక్క వేయు విధము

8 యూనిట్ల లిథియం బ్యాటరీలో నూటికి 20 వంతులు మిగిలియుండగా ఛార్జింగు పెట్టి పూర్తిగా నింపితిరనుకొనుడు. బ్యాటరీలో చేరినది 6.4 యూనిట్లు. మీటరు 7.5 యూనిట్లు చూపిన, నష్టము 1.1 యూనిట్లు, అనగా నూటికి సుమారు 15 వంతులు. ఏటికి 300 దినములు తిప్పిన నష్టము 330 యూనిట్లు. యూనిట్టు 6 రూపాయల వంతున లెక్క కట్టిన 1,980 రూపాయలు. అదే బండికి సీసపు బ్యాటరీయుండి మొత్తము మీద నూటికి 30 వంతులు పోయినచో నష్టము ఏటికి సుమారు 823 యూనిట్లు, సుమారు 4,938 రూపాయలగును. బండి చవుకగా వచ్చినదని సంతోషించుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

పాటింపవలసిన పద్ధతులు

- ఛార్జింగుకు విడిగా చిన్న మీటరు పెట్టించి, వారమున కొకసారి యూనిట్లు, కిలోమీటర్లు పుస్తకములో వ్రాయుడు. నష్టము క్రమముగా పెరుగుచున్నచో బ్యాటరీని గాని, ఛార్జరును గాని పరీక్ష చేయింపవలెను.
- వేసవిలో బరువుతో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగు పెట్టరాదు. నీడన ఉంచి, బ్యాటరీ చల్లబడిన పిదప పెట్టవలెను. వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గించును.
- ఛార్జింగు స్థలము మీటరుకు దగ్గరగా, వానకు తడవకుండ ఉండవలెను. తగినంత లావు తీగ వేయించి, తప్పక ఎర్తు ఇప్పించవలెను.
- నిండిన వెంటనే ఛార్జరును తీసివేయవలెను.
- చాలకాలము బండి తిప్పనిచో లిథియం బ్యాటరీని సగము నిండుగా ఉంచవలెను. సీసపు బ్యాటరీని మాత్రము పూర్తిగా నింపియుంచి, మధ్యమధ్య మరల నింపవలెను.
- సాగుకు ఇచ్చిన మోటారు కనెక్షను నుండి బండిని ఛార్జి చేయరాదు.

గ్రామాధికారులకు ఒక మనవి. పంచాయతీకి బ్యాటరీ బండ్లున్నచో, ఒక్కొక్క బండికి యూనిట్లు, కిలోమీటర్లు నమోదు చేయు పుస్తకము పెట్టించిన ఏ బండి ఎక్కువ తీసుకొనుచున్నదో నెల తిరుగకుండనే తెలియును.

ఈ నష్టమును బొత్తిగా లేకుండ చేయుట సాధ్యము కాదు. ఊట లేని మట్టి కాలువ ఉండదు గదా! అయినను లావు తీగ, నీడ, సమయమునకు ఛార్జరు తీయుట అనువానికి పెద్ద ఖర్చు లేదు. అప్పు చేసి బండి కొనువారు కిరాయి నిర్ణయించుటకు ముందు మీటరు చూపిన యూనిట్లతో లెక్క కట్టుకొన్నచో, ఏడాది చివర నష్టపోయితిమని చింతింప పని ఉండదు.