పసికందు గది

మన గ్రామములలో నేడు కాన్పులు చాలవరకు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అయినను ఇంటికి వచ్చిన తల్లీబిడ్డలకు పలుచోట్ల లభించునది చీకటిగదియే. కిటికీ మూసి, కుంపటి పెట్టి, సాంబ్రాణి వేయుదురు. బిడ్డకు చలి తగులునను పెద్దల భయము సహేతుకమే. పసికందు ఒడలు త్వరగా చల్లబడును. గదిలో వేడిమి 25 డిగ్రీలకు తగ్గకుండుట మంచిది. కాని వెచ్చదనము వేరు, పొగ వేరు. పొగ లేత ఊపిరితిత్తులకు హాని చేయును. చీకటిలో బిడ్డకు పచ్చకామెర్లు వచ్చినను కంటబడవు.

కనుక కాన్పునకు నెల ముందే గదికి వెల్లవేసి, ధాన్యపు బస్తాలను, పురుగుమందు డబ్బాలను తొలగింపవలెను. పగలు కిటికీ తెరచి, బిడ్డకు నేరుగా గాలి తగులకుండ చూడవలెను. తల్లి ఒడి, నూలు టోపీ, పొడిబట్టలు వెచ్చదనము నిచ్చును. దోమతెర అవసరము. అలంకారమునకు గుమ్మమున మామిడి తోరణము చాలును.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 42 దినములలోగా 6 పర్యాయములు ఇంటికి వచ్చి చూడవలసియున్నది. పంచాయతీ సభ్యులు కాన్పునకు ముందే ఆమెతో కలిసి తమ వార్డులోని గర్భిణుల ఇండ్లకు వెళ్లి, ఆ గదిని చూడవలెనని కోరుచున్నాము. మూసిన కిటికీ నొకదానిని తెరిపించుటయు గ్రామసేవయే.