దూడకు జున్నుపాలు



హైదరాబాదు పాతబస్తీలో జున్నునకు గిరాకి కలదు. అందుచే గేదె ఈనిన వెంటనే మొదటి పాలను పిదికి అమ్మవలెనని ఆశ పుట్టుట సహజము. కాని ఆ పాలు దూడకు దక్కనిచో కలుగు నష్టము, చేతికి వచ్చిన పైకమునకు మించియుండును.

తల్లి రక్తములోని రోగనిరోధక పదార్థములు గర్భమందు దూడకు చేరవు. అవి జున్నుపాల మూలముననే లభింపవలెను. అప్పుడే పుట్టిన దూడ ప్రేగు వానిని చెడకుండ రక్తములోనికి గ్రహింపగలదు. ఆ శక్తి గంటగంటకు తగ్గి, 24 గంటలలో దాదాపుగా నశించును.

ఈ పాలకు మరియొక గుణము కలదు. ఇన్సులిను పోలిక గల వృద్ధికారకములు తరువాతి పాలయందుకంటె ఇందు మిక్కిలి హెచ్చు. అవి ప్రేగు లోపలి సన్నని చూషకముల పెరుగుదలకు తోడ్పడును. పైరునకు వేళ్లెట్టివో దూడకు ఈ చూషకములట్టివి. వేరు బలపడని పైరునకు ఎరువెంత వేసిన ఫలమేమి?

కావున మాయ పడువరకు ఆగక, పుట్టిన 2 గంటలలోపల దూడకు మొదటిసారి పాలు త్రాగింపుడు. మొదటి దినమున దాని బరువులో పదియవ వంతు, అనగా 30 కిలోల దూడకు 3 కిలోల పాలు, రెండు మూడు మార్లుగా ఇయ్యవలెను. పాలను కాచరాదు; కాచినచో విరిగి జున్నగును, రక్షక పదార్థములును చెడును. తల్లికి పాలు లేనిచో, ఆ దినముననే ఈనిన ఆరోగ్యముగల వేరొక గేదె జున్నుపాలను వాడవచ్చును.

దూడ కడుపు నిండిన పిమ్మట మిగిలినదే జున్నునకు.