ముందు ప్లగ్గు, తర్వాత కారు
రాయ్‌పూర్‌లో చవక ఎలక్ట్రిక్ కారును ఇంటికి తెచ్చుకునే పద్ధతి

కారు చూసి, నడిపి, రంగు నచ్చి, అడ్వాన్సు కట్టాక "చార్జింగ్ ఎక్కడ పెడదాం?" అని మొదలుపెట్టేవాళ్లు చాలామంది. పెట్రోలు కారైతే ఆ వరుస చెల్లిపోతుంది, బంకు ఎటూ ఉంటుంది కాబట్టి. ఎలక్ట్రిక్ కారుకు వరుస తిరగేయాలి. ముందు రోజూ తిరిగే దూరం, ఆ తర్వాత ఇంటి కరెంటు, ఆ తర్వాత బ్యాటరీ, చివర్లో కారు. పది లక్షల లోపు కార్లకు ఇది మరీ ముఖ్యం. వాటి ధర తగ్గిందే బ్యాటరీ చిన్నది కావడం వల్ల. ఆ చిన్న బ్యాటరీ మీ దినచర్యకు సరిపోతే లాభం, సరిపోకపోతే రోజూ బెంగే.

రాయ్‌పూర్ ఈ లెక్కకు అనువైన ఊరు. నేల చదును, దూరాలు మితం. 1931లో విజయనగరం రైలు మార్గం ఇక్కడిదాకా పూర్తయింది. రైల్వే పనికి కొందరు, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికి కొందరు వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంటి అవసరాలు రెండు: రోజూ ఊళ్లో తిరగడం, ఏడాదికి రెండు మూడుసార్లు విశాఖ, శ్రీకాకుళం వైపు వెళ్లి రావడం. ఈ రెంటినీ ఒకే కారు నెత్తిన పెట్టకుండా ఉంటే సగం చిక్కు తీరినట్టే.

1. దూరం రాసుకోండి

రెండు వారాలపాటు రోజూ రాత్రి ఇప్పటి బండి మీటరు చూసి కిలోమీటర్లు రాయండి. శంకర్ నగర్‌లో ఇల్లు, నవా రాయ్‌పూర్‌లో ఆఫీసు అయితే రానూపోనూ నలభై యాభై కిలోమీటర్లు. భిలాయికి వెళ్లొస్తే అరవై డెబ్బై. ఇక్కడ సగటు చూడకండి, వారంలో ఎక్కువ తిరిగిన రోజును చూడండి. ఆ దూరానికి సగం కలిపితే మీకు కావలసిన నిజమైన రేంజి వస్తుంది. డెబ్బై కిలోమీటర్ల రోజున్నవారికి నూట అయిదు చాలు. చాలామంది షోరూములో అడిగేది మాత్రం నాలుగు వందలు, అందుకే ధర చూసి వెనక్కి వచ్చేస్తారు.

2. ప్లగ్గు సిద్ధం చేయండి

చిన్న కార్లతో వచ్చే చార్జరుకు గీజరు పెట్టుకునే 15 ఆంపియర్ల సాకెట్ చాలు. అయితే గీజరు పావుగంట నడుస్తుంది, కారు రాత్రంతా దాదాపు 3 కిలోవాట్లు లాగుతుంది. పాత వైరింగుకు ఆ బరువు ఎక్కువ. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించండి. దానికి సొంత ఎంసీబీ, షాకు కొట్టకుండా ఆపే ఆర్సీసీబీ పెట్టించండి. ఎర్తింగ్ కొలిపించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జరు ఎర్రలైటు వేసి పని మానేస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు.

తర్వాత కరెంటు బిల్లు తీసి అందులో మంజూరైన లోడు ఎంతో చూడండి. రెండు కిలోవాట్లే ఉన్న ఇంట్లో ఏసీ, కారు కలిసి నడిస్తే చాలదు. రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ సీఎస్‌పీడీసీఎల్‌కు లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. అపార్టుమెంటులో ఉంటున్నారా? వాహన చార్జింగుకు విడి కనెక్షన్ అడిగే హక్కు 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల నిబంధనల్లో ఉంది. ఆ ప్రతిని చేత పట్టుకుని సొసైటీ సమావేశానికి వెళ్లండి.

బండి వీధిలో, ఇల్లు రెండో అంతస్తులో, ఆఫీసులోనూ ప్లగ్గు లేదు అన్నవారు ఈ మెట్టు దగ్గరే ఆగిపోవడం మంచిది. మిగతా లెక్కంతా ఇంటి కరెంటు మీదే నడుస్తుంది.

3. బ్యాటరీని యూనిట్లలో చదవండి

బ్యాటరీ సైజు చెప్పే కిలోవాట్ అవర్, మన కరెంటు బిల్లులోని యూనిట్ ఒకటే. 2022 సెప్టెంబరులో టాటా టియాగో ఈవీ 8.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చినప్పుడు 19.2, 24 యూనిట్ల బ్యాటరీలు ఇచ్చారు. ప్రకటించిన రేంజి 250, 315 కిలోమీటర్లు. 2023లో వచ్చిన ఎంజీ కామెట్‌ది 17.3 యూనిట్లు, ప్రకటించింది 230. 2024 జనవరిలో వచ్చినప్పుడు పంచ్ ఈవీలో 25, 35 యూనిట్లవి ఇచ్చారు.

ప్రకటించిన అంకె ప్రయోగశాలది. రోడ్డు మీద అందులో మూడింట రెండు వంతుల లోపే వస్తుందనుకుంటే నిరాశ ఉండదు. అంటే 24 యూనిట్ల కారుకు 180 నుంచి 200. మొదటి మెట్టులో మీరు రాసుకున్న 105కు ఇది హాయిగా సరిపోతుంది.

4. ఎండను లెక్కలో వేయండి

మే నెలలో రాయ్‌పూర్ 45 డిగ్రీల దాకా కాగుతుంది. బ్యాటరీకి పెద్ద శత్రువు ఈ వేడే. అందుకే దాన్ని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా లేదా అన్నది సన్‌రూఫ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. టియాగోలో ఉంది. ఇక ఏసీ: తేలీబాంధా, పండరీ దగ్గర ట్రాఫిక్‌లో గంటకు ఇరవై కిలోమీటర్లు పాకుతున్నప్పుడు అది గంటకు ఒక యూనిట్ తిన్నా రేంజిలో పాతిక శాతానికి పైగా కరిగిపోతుంది. వేసవిలో 24 యూనిట్ల కారును 140 కిలోమీటర్ల కారుగానే చూడండి.

అలవాట్లు రెండు చాలు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి, రాత్రి భోజనాలయ్యాక పెట్టండి. నీడన నిలపండి.

5. డబ్బు లెక్క కట్టండి

ఊళ్లో లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు, లీటరు సుమారు 100 రూపాయలనుకుంటే కిలోమీటరుకు 6.25. చిన్న ఎలక్ట్రిక్ కారు చార్జింగులో పోయేది కూడా కలిపి కిలోమీటరుకు 0.15 యూనిట్ తీసుకుంటుంది. యూనిట్ అన్నీ కలిపి 7 రూపాయలైతే 1.05. కిలోమీటరుకు 5 రూపాయలు మిగులు.

అదే తరగతి పెట్రోలు కారు కంటే మీరు రెండున్నర లక్షలు ఎక్కువ పెడుతున్నారనుకోండి. అది తిరిగి రావడానికి 50 వేల కిలోమీటర్లు నడవాలి. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగేవారికి నాలుగేళ్ల పైచిలుకు. 1500 తిరిగేవారికి మూడేళ్లలోపు. 400 తిరిగేవారికి పదేళ్లు దాటుతుంది, వాళ్లకు డబ్బు కోణంలో ఇది దండగ. ఇంట్లో ప్లగ్గు లేక బయటి చార్జరులో యూనిట్‌కు 20 రూపాయలు పెడితే కిలోమీటరుకు 3 రూపాయలవుతుంది, తిరిగి రావడానికి 77 వేల కిలోమీటర్లు పడుతుంది. రెండో మెట్టు దగ్గర ఆగమన్నది ఇందుకే.

బ్యాటరీని అద్దెకిచ్చే పథకాలూ వచ్చాయి. 2024 సెప్టెంబరులో కామెట్‌ను 4.99 లక్షలకు, కిలోమీటరుకు 2.50 అద్దెతో ప్రకటించారు. కరెంటు కలిపితే మూడున్నర. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి వెసులుబాటే. సంతకానికి ముందు నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలనే షరతు ఉందేమో చదవండి.

6. కరెంటు బిల్లును చక్కబెట్టండి

నెలకు 1000 కిలోమీటర్లంటే 150 యూనిట్లు. ఛత్తీస్‌గఢ్‌లో 2019 నుంచి 400 యూనిట్ల దాకా సగం బిల్లు పథకం ఉండేది. 2025 ఆగస్టులో దాన్ని 100 యూనిట్లకు కుదించి, డిసెంబరులో 200కు పెంచారు. ఇంటికి 150 యూనిట్లు వాడే కుటుంబం కారు రాగానే 300కు చేరి ఆ గీత దాటేస్తుంది. కారు ఖర్చులో ఈ తేడాను కూడా రాసుకోవాలి.

దీనికి విరుగుడు డాబా మీద ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78 వేలు ఇస్తోంది, రాష్ట్రం మరో 30 వేలు ప్రకటించింది. 3 కిలోవాట్లు నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి. ఇల్లూ కారూ రెండూ గడిచిపోతాయి. పగలు కారు ఆఫీసులో ఉన్నా ఫర్వాలేదు, నెట్ మీటరు పగటి ఉత్పత్తిని రాత్రి వాడకానికి జమ వేస్తుంది.

సోలార్‌కు ఇంకో కారణమూ ఉంది. కోర్బా బొగ్గు రాష్ట్రం ఇది. దేశంలో సగటున యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఎలక్ట్రిక్ కారు వాటా కిలోమీటరుకు 105 గ్రాములు, పైన చెప్పిన పెట్రోలు కారుది 140కి పైన. తేడా ఉంది గానీ గొప్పది కాదు. డాబా మీది కరెంటుతో నడిపితేనే ఆ గొప్ప నిజమవుతుంది.

7. కాగితాలు

రాష్ట్ర ఎలక్ట్రిక్ వాహన విధానం 2022లో వచ్చింది. ధరలో 10 శాతం, గరిష్ఠంగా లక్షన్నర రాయితీ అని అప్పట్లో ప్రకటించారు. రోడ్డు పన్నులోనూ మినహాయింపు పెట్టారు. ఆర్టీవో దగ్గర ఈ నెల అమల్లో ఉన్న నిబంధన కనుక్కోండి. రాయితీ మీ ఖాతాలో పడేదాకా దాన్ని డబ్బుగా లెక్కించకండి, డౌన్‌పేమెంటు దాన్ని వదిలేసి కూర్చుకోండి. థర్డ్ పార్టీ బీమాలో ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం తగ్గింపు ఉంది, కొటేషన్‌లో కనబడిందో లేదో చూడండి. నంబరు ప్లేటు ఆకుపచ్చ, అక్షరాలు తెలుపు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతం కిందికి పడిపోతే మారుస్తారు అన్న మూడూ కాగితం మీద ఉండాలి. పాత ఎలక్ట్రిక్ కారు కొంటుంటే వారంటీ మీ పేరుకు మారుతుందా అన్నది నాలుగోది.

8. దూరప్రయాణానికి దారి చూసుకోండి

ధమ్తరీ వెళ్లిరావడానికి ఇబ్బంది లేదు, అక్కడ కాసేపు ప్లగ్గు దొరికితే ఇంకా నిశ్చింత. జగ్దల్‌పూర్ మాత్రం 300 కిలోమీటర్లు, మధ్యలో కేశ్‌కాల్ ఘాటు ఎక్కాలి. చిన్న బ్యాటరీతో రెండుసార్లు ఆగాలి. ఫాస్ట్ చార్జరులో పది నుంచి ఎనభై శాతానికి దాదాపు గంట. చార్జరు యాప్‌లో ఉన్నంత మాత్రాన పనిచేస్తుందనుకోకండి, ముందు రోజు ఫోన్ చేయండి. విశాఖకు 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్ వందేభారత్ నడుస్తోంది, ఎనిమిది గంటల ప్రయాణం. 465 కిలోమీటర్ల రాయ్‌పూర్–విశాఖ ఆరు వరసల రహదారిలో చార్జర్లు వరసగా కుదురుకునేదాకా ఆ ప్రయాణాన్ని రైలుకో అద్దె కారుకో వదిలేయండి. ఏడాదికి మూడు ప్రయాణాల కోసం మూడు లక్షలు ఎక్కువ పెట్టి పెద్ద బ్యాటరీ కొనడం కంటే అది చవక.

కాస్త ఆగితే మంచిదా?

2001లో బెంగళూరులో రేవా ఎలక్ట్రిక్ కారు పుట్టిన నాటికి ఇలాంటిది ఒక వింత. 2010లో యూనిట్‌కు వెయ్యి డాలర్లు దాటిన బ్యాటరీ ప్యాకుల ప్రపంచ సగటు ధర, 2024కు 115 డాలర్ల దగ్గరికి వచ్చింది. ఇంకా తగ్గుతుందనుకోవచ్చు. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఎలక్ట్రిక్ కార్లది 5 శాతంలోనే ఉంది. దాంతో పెట్రోలు కారు మళ్లీ చవకై పోటీ బిగిసింది. కోర్బా జిల్లా కట్‌ఘోరాలో లిథియం గనిని 2024లో వేలం వేశారు. తవ్వి, శుద్ధి చేసి, సెల్ చేసేసరికి ఏళ్లు పడతాయి, మీ కారు ధరను అది ఇప్పట్లో మార్చదు.

కాబట్టి ఆగాలా వద్దా అన్నది మార్కెట్టు చెప్పదు, మీరు రాసుకున్న దూరం చెబుతుంది. ఇంట్లో ప్లగ్గు ఉండి నెలకు 1000 కిలోమీటర్లు దాటేవారికి చిన్న ఎలక్ట్రిక్ కారు ఈరోజే పనికొస్తుంది. ప్లగ్గు ఉండి తక్కువ తిరిగేవారు రెండేళ్లాగినా నష్టం లేదు. ప్లగ్గు లేనివారు కార్ల సమీక్షలు చదవడం మానేసి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.