పరికరం పలికినదెల్లా సత్యమా?
(కర్మాగారాలలో కొలమానాలు, మరమ్మతు, భద్రత)

రసాయన కర్మాగారాలకు, చమురుశుద్ధి కేంద్రాలకు ఇతర పరిశ్రమలకు లేని ఒక ప్రత్యేకత ఉన్నది. మగ్గం మీది బట్టను, వడ్రంగి చేతిలోని చెక్కను కంటితో చూడవచ్చు. ఇక్కడ పదార్థం కంటబడదు. ఉక్కు గొట్టాలలో పారుతుంది, మూసిన పాత్రలలో మరుగుతుంది, ఎత్తైన గోపురాలలో ఆవిరిగా లేస్తుంది. దానిని నడిపే కార్మికుడు కంట్రోల్ రూములో కూర్చుండి ఉష్ణోగ్రత, పీడనం, ద్రవమట్టం, ప్రవాహం అనే నాలుగు రాశులను చూపే ముళ్ళను, అంకెలను, దీపాలను బట్టి లోపలి సంగతిని గ్రహించవలసి ఉంటుంది. చూపు లేనివానికి చేతికర్ర ఎట్లాగో అతనికి ఈ పరికరాలు అట్లాగు.

మన విద్యార్థులలో కొందరు చదువు ముగించి పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం వంటి పారిశ్రామిక వాడలలో ఉద్యోగాలకు పోతున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన ప్రేలుడులో నలభై మందికి పైగా మరణించిన సంగతిని పాఠకులు మరచి ఉండరు. కనుక ఈ విషయం పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదని భావించి, పరికరం ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు చెప్పదు అన్న ఒక్క ప్రశ్నను కొన్ని ఉదాహరణలతో పరిశీలించదలచినాము.

మొదట చిన్న ఉదాహరణ. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ అణు విద్యుత్కేంద్రంలో పీడనాన్ని తగ్గించే ఒక కవాటం తెరుచుకొని, తిరిగి మూసుకొనక నిలిచిపోయినది. కంట్రోల్ రూములోని దీపం మాత్రం ఆరిపోయి, కవాటం మూసుకొన్నదన్న భావన కలిగించినది. నిజానికి ఆ దీపం కవాటపు స్థితిని చూపేది కాదు. మూసుకొమ్మన్న విద్యుత్ ఆజ్ఞ వెళ్ళినదా లేదా అన్నది మాత్రమే చూపేది. ఆజ్ఞ వేరు, దాని అమలు వేరు. కార్యాలయాలతో పని పడిన వారికి ఈ భేదాన్ని మేము వివరించనక్కరలేదు! ఆ కవాటం గుండా నీరు గంటల తరబడి పోగా, రియాక్టరు గర్భం కొంత కరిగిపోయినది.

ఇక ద్రవమట్టం సంగతి. దీనిని కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది, ఎందుకనగా ఇందులో మనం ఉన్నత పాఠశాలలోనే చదివిన ఆర్కిమెడిస్ సూత్రం ఇమిడి ఉన్నది. పాత్రలోని ద్రవం ఎంత ఎత్తున ఉన్నదో తెలిసికొనడానికి వాడే సాధనాలలో ఒకదానిలో లోహపు స్తూపం ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. ద్రవం పైకి వచ్చినకొలదీ స్తూపం మునుగుతుంది, అది తొలగించిన ద్రవపు బరువుకు సమానంగా దాని బరువు తగ్గినట్లు కనిపిస్తుంది. ఆ తగ్గుదలనే పరికరం మట్టంగా మార్చి చూపుతుంది. స్తూపం పూర్తిగా మునిగిన తరువాత ఏమవుతుంది? ద్రవం ఇంకా పది అడుగులు లేచినా, నూరు అడుగులు లేచినా స్తూపం తొలగించే ఘనపరిమాణం మారదు. కనుక పరికరానికి ఆ పెరుగుదల తెలియదు. అంతేకాదు, అప్పుడు దానికి తెలిసేది ద్రవపు సాంద్రత ఒక్కటే. ఉదాహరణకు స్తూపపు ఘనపరిమాణం 2 లీటర్లు, ద్రవపు సాంద్రత లీటరుకు 0.65 కిలోలు అనుకొందాం. పూర్తిగా మునిగితే బరువులో తగ్గుదల 1.3 కిలోలు, దీనినే పరికరం నూటికి నూరుగా చూపుతుంది. ద్రవం వేడెక్కి సాంద్రత 0.55కు దిగితే తగ్గుదల 1.1 కిలోలే. అప్పుడు పరికరం సుమారు 85 అని చూపుతుంది. పాత్ర నిండుతూ ఉంటుంది, ముల్లు దిగుతూ ఉంటుంది!

ఇది ఊహాగానం కాదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ నగరంలో, బ్రిటిష్ పెట్రోలియం వారి చమురుశుద్ధి కేంద్రంలో సరిగా ఇదే జరిగినది. మరమ్మతుల తరువాత 170 అడుగుల గోపురాన్ని తిరిగి ప్రారంభిస్తూ మూడు గంటలకు పైగా లోనికి ద్రవాన్ని పంపినారు. అడుగునుండి బయటికి తీయలేదు. మట్టం చూపే పరికరం గోపురపు అడుగుభాగంలోని కొద్ది అడుగులను మాత్రమే కొలవగలది, పైగా దాని క్రమాంకనం ఎన్నడో పాత ద్రవానికి చేసినది. అది 97 నుండి క్రమంగా 78 శాతానికి దిగినట్లు, అంటే ఎనిమిది అడుగుల లోపే ద్రవం ఉన్నట్లు చూపుతున్న వేళ, లోపల మట్టం 158 అడుగులకు చేరినది. హద్దు మీరినప్పుడు హెచ్చరించవలసిన రెండవ సాధనం మోగలేదు. కంటితో చూచుకొనేందుకు పెట్టిన గాజుగొట్టం మురికిపట్టి పనికిరాకుండా ఉన్నది. ద్రవం పొంగి, దాని ఆవిరి అంటుకొని 15 మంది మరణించినారు, 180 మంది గాయపడినారు. మరణించినవారందరూ దగ్గరలో నిలిపిన తాత్కాలిక గదులలోను, వాటి పరిసరాలలోను ఉన్నవారు. గోపురంతో వారికి ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ ఒక సంగతి మాకు మరీ ముఖ్యంగా తోచినది. పరికరం అబద్ధమాడినా, లెక్క అబద్ధమాడదు. వచ్చినదానిలో పోయినది తీసివేస్తే మిగిలినది నిలువ. కిరాణా దుకాణంలో ప్రతి సాయంకాలం వేసే లెక్కే ఇది. ఎంత వచ్చినది, ఎంత పోయినది అన్న అంకెలు అక్కడ ఉన్నవి. కాని అవి రెండు వేరువేరు తెరల మీద ఉండినవి. రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచే ఏర్పాటు లేదు. ఆ కార్మికులు వారాల తరబడి సెలవు లేకుండా, దినానికి 12 గంటల చొప్పున పనిచేస్తున్నారని కూడ విచారణలో తేలినది. అలసినవానిని నిందించడం సులభం. లెక్కను ఒకే తెర మీద చూపక పోవడం మాత్రం అలసినవాని తప్పు కాదు.

అదే సంవత్సరం డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ ఇంధన నిలువకేంద్రంలో మరమ్మతు లోపం బయటపడినది. అక్కడి పెట్రోలు ట్యాంకు మట్టమాపకం ఒకే అంకె వద్ద నిలిచిపోయినది; పెట్రోలు వస్తూనే ఉన్నది. ఆ మాపకం ఆగస్టు చివరినుండి 14 సార్లు అట్లా నిలిచినది. ప్రతిసారీ దానిని కదిలించి సరిచేసినారే గాని, ఎందుకు నిలుస్తున్నదో కనుగొనలేదు. మన ఇండ్లలో పంకా ఆగితే వ్రేలితో త్రిప్పి వదలివేస్తాము గదా, అట్లాగన్నమాట. ట్యాంకు నిండబోయినప్పుడు తనంతట తానే ప్రవాహాన్ని ఆపవలసిన స్వతంత్ర స్విచ్చి మరొకటి ఉండినది. ఆ స్విచ్చికి ఒక పరీక్షామీట ఉన్నది. మీటను సరియైన స్థానంలో నిలిపి ఉంచడానికి చిన్న తాళం వేయవలెను. తాళం దొంగల కోసమని తలచి కాబోలు, ఎవరూ దానిని వేయలేదు. స్విచ్చి పనిచేయలేదు. ప్రేలుడులో 43 మంది గాయపడినారు. ఆదివారం తెల్లవారుజాము కావడం చేత ప్రాణనష్టం తప్పినది.

రక్షణ సాధనాలకు ఉన్న చిక్కు ఇదే. పంపు చెడితే వెంటనే పని ఆగుతుంది, అందరూ పరుగెత్తి వస్తారు. అలారం చెడితే ఏమీ జరగదు; అవసరం వచ్చిన క్షణం దాకా అది చెడినదని ఎవరికీ తెలియదు. కనుక దానిని చెడినప్పుడు కాక, చెడక ముందే నియమిత కాలానికి నిజంగా మోగించి చూడవలెను. మీట నొక్కితే దీపం వెలిగినదని సంతకం చేయడం కాదు, పాత్రలో మట్టాన్ని నిజంగా పెంచితే కవాటం నిజంగా మూసుకొన్నదా అని చూడవలెను. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడినప్పుడు ట్యాంకును చల్లబరచే యంత్రం నెలల క్రితమే నిలిపివేసి ఉన్నది, వాయువును కాల్చివేయవలసిన గోపురానికి పోయే గొట్టం మరమ్మతుకై విప్పి ఉన్నది. చల్లదనమే లేనప్పుడు ఉష్ణోగ్రత అలారానికి అర్థమే పోయినది. మూడు నాలుగు రక్షణలు కాగితం మీద ఉన్నవి. ఆ రాత్రి ఒక్కటీ అక్కరకు రాలేదు.

మా ఉర్దూ విభాగపు మిత్రులు ‘ఎహతియాత్’, ‘హిఫాజత్’ అని రెండు మాటలు వాడుతారు. మొదటిది ముందుజాగ్రత్త, రెండవది కాపాడడం. మనం రెంటినీ కలిపి భద్రత అనివేస్తాము. ఈ శాస్త్రంలో మాత్రం ఆ రెండూ వేరు.

చివరగా మన విశాఖపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాలను కమ్మివేయగా 12 మంది మరణించినారు. స్టైరీన్ అణువులు తమలో తాము కలిసి పాలిమర్‌గా మారే గుణం కలవి. ఆ చర్యలో వేడి పుడుతుంది, వేడి చర్యను ఇంకా త్వరపెడుతుంది. దీనిని అరికట్టడానికి ఒక నిరోధక రసాయనాన్ని కలిపి, ద్రవాన్ని చల్లగా ఉంచి, త్రిప్పుతూ ఉండవలెను. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చిన ప్రకారం ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలుస్తున్నారు. చల్లని ద్రవం అడుగున, వేడి ద్రవం పైన ఉంటుందని మనకు తెలియనిది కాదు. చల్లబరచే యంత్రాన్ని రాత్రులు ఆపివేసేవారు. గొట్టాల అమరికలో చేసిన మార్పు వలన పై పొర సరిగా కలియడం లేదు. ఈ పరికరం చెడిపోలేదు, అబద్ధమూ చెప్పలేదు. తానున్న చోటి ఉష్ణోగ్రతను చెప్పినది. పైభాగం గూర్చి దానిని అడిగినవారు లేరు.

ఆ ఆవరణలో సైరను మోగించే మీటలు 36 చోట్ల ఉన్నవని, ఆ రాత్రి ఒక్కచోట కూడ ఎవరూ నొక్కలేదని అదే సంఘం వ్రాసినది. గ్రామస్థులను మేలుకొలిపినది ఘాటైన వాసన, ఇరుగుపొరుగుల కేకలు.