తోలు, ఎముక, కొవ్వు: తాండూరు ప్రాంత పనివారు చేయవలసినవి – చేయకూడనివి

తాండూరు, వికారాబాద్ ప్రాంతాల్లో మటన్ దుకాణాలు నడిపేవారు, తోళ్లు కొనేవారు, డప్పులు కట్టేవారు, సబ్బు, ఎముకల పిండి యూనిట్లు పెట్టదలచినవారు ఈ కింది సూచనలు తప్పక పాటించాలి. ఈ సరుకు కొన్ని గంటల్లోనే కుళ్లుతుంది; ఆలస్యం చేస్తే అమ్ముకోవలసింది పారబోయాల్సి వస్తుంది. తొందరలో మూలం చూడకుండా కొంటే ప్రాణాల మీదికి వస్తుంది. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చనిపోయాయి. 2008లో లండన్‌లో డోళ్లు కట్టే వ్యక్తి ఒకరు పచ్చి తోళ్ల నుంచి ఇదే రోగం సోకి మరణించారు. కాబట్టి మొదట చూడవలసింది తోలు ధర కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో.

చేయవలసినవి

సరుకు కొనేముందు

- పశువు ఎక్కడ, ఎప్పుడు, ఎలా చనిపోయిందో అడిగి పుస్తకంలో రాసుకోండి.
- పశువైద్యుడు పరీక్షించి కోయించిన పశువుల తోళ్లు, ఎముకలే కొనండి.
- హఠాత్తుగా చచ్చిన పశువును దూరం నుంచే గమనించండి: పొట్ట ఉబ్బి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మగా అనుమానించండి.
- అనుమానం వచ్చిన వెంటనే పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి.
- పశువైద్యుడు వచ్చేదాకా కుక్కలు, కాకులు ముట్టకుండా కాపలా పెట్టండి.
- ఆ కళేబరాన్ని పశువైద్యుడి ఎదుటే, బావులకు, వాగులకు దూరంగా, ఆరడుగుల లోతున పూడ్పించండి.
- ప్రతి తోళ్ల కట్టకూ తేదీ, అమ్మినవారి పేరు రాసిన చీటీ కట్టండి. తేడా వస్తే ఆ కట్టనే వేరు చేయవచ్చు.

ఒంటి రక్షణకు

- మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, మోకాళ్ల దాకా బూట్లు, ప్లాస్టిక్ ఏప్రన్ వేసుకోండి.
- చేతి మీద గాటు ఉంటే నీళ్లు దిగని పట్టీ వేసి, ఆపైన గ్లౌజు తొడుక్కోండి.
- ఎండు తోళ్లు దులిపేటప్పుడు, ఎముకలు పొడి కొట్టేటప్పుడు ఎన్-95 మాస్కు పెట్టుకోండి.
- డప్పు తోలు వెంట్రుకలు తీసేముందు తోలును నానబెట్టండి. తడి తోలు నుంచి దుమ్ము లేవదు.
- పదేళ్లకోసారి ధనుర్వాతం టీకా వేయించుకోండి.
- పని బట్టలు పనిచోటే విప్పి, ఇంటి బట్టలతో కలపకుండా ఉతకండి.
- బీడీ, పాన్, చాయ్ ముట్టేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

తోలు పనిలో

- ఒలిచిన నాలుగైదు గంటల్లోపు ఉప్పు పట్టించండి; ఎండాకాలం ఇంకా ముందే పట్టించండి.
- ఉప్పు పట్టించేముందు తోలుకు అంటిన కొవ్వు, కండ గీకేయండి. కొవ్వు ఉన్నచోట ఉప్పు దిగదు.
- పది కిలోల తోళ్లకు నాలుగైదు కిలోల ఉప్పు వాడి, అంచులు, మెడ మడతలు, కాళ్ల కొసలు వదలకుండా కండవైపు రుద్దండి.
- నీడలో, వాలుగా ఉన్న ఎత్తు బల్ల మీద పేర్చండి. ఊరిన ఉప్పునీరు ఒక పక్కకు జారిపోవాలి.
- లందలో (తోళ్లు నానబెట్టే తొట్టిలో) వేసేముందు తోళ్లను దులిపి, రాలిన ఉప్పును పొడిగా ఉండగానే సంచికెత్తండి. నీళ్లలో కరిగితే తిరిగి తీయలేరు.
- తంగేడు చెక్కను కోసిన కొమ్మల నుంచే తీసుకోండి. మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది.
- సున్నం, సోడియం సల్ఫైడ్ నీళ్లకు ఒక తొట్టి, యాసిడ్, క్రోమ్ నీళ్లకు వేరే తొట్టి కట్టించండి.

కొవ్వు, సబ్బు పనిలో

- కొవ్వును చిన్న ముక్కలుగా కోసి, సన్నటి మంట మీద కరిగించండి.
- గిన్నెకు సరిపడే మూత, బకెట్ ఇసుక చేతికందేచోట ఉంచండి.
- నీళ్లలో కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కలపండి.
- కిలో కొవ్వుకు 130 గ్రాముల కాస్టిక్ సోడా మించకుండా ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి.
- కలిపేటప్పుడు కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు పెట్టుకోండి, తలుపులు తెరిచి ఉంచండి.
- సబ్బు బిళ్లలను నాలుగు వారాలు ఆరబెట్టాకే అమ్మండి.

ఎముకలు, రక్తం, పొట్టపేడ పనిలో

- ఎముకలను 5 సెంటీమీటర్ల కన్నా చిన్న ముక్కలు చేసి, 133 డిగ్రీల ఆవిరిలో 3 బార్ల ఒత్తిడి మీద 20 నిమిషాలు ఉడికించండి. ఐరోపా దేశాల ప్రమాణం ఇదే.
- పొడి కొట్టే యంత్రం బెల్టుకు జాలీ బిగించండి, ఆపే స్విచ్ పనివాడి చేతికందేలా పెట్టండి.
- ఎముకల పిండి చల్లేముందు తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను అడిగి భూసార పరీక్ష చేయించండి. సున్నం ఎక్కువున్న నేలలో ఎముకల పిండిలోని భాస్వరం పంటకు సరిగా అందదు.
- పొట్టపేడను ఆవుపేడతో కలిపి గోబర్ గ్యాస్ ప్లాంటులో వేయండి.
- ఈకలు, పేగులు, రక్తం ఎరువుగా మార్చేటప్పుడు కంది పొట్టు, ఎండుగడ్డి మందంగా పరిచి పొరలు పొరలుగా వేయండి.
- కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉండేలా థర్మామీటరుతో చూస్తూ తిరగేయండి.

నీరు, మురుగు విషయంలో

- యూనిట్ కట్టకముందే మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోండి.
- నీళ్లకు మీటరు పెట్టండి. కిలో పచ్చి తోలు శుద్ధికి 30 నుంచి 40 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి.
- కాలువ నోటికి జాలీ పెట్టి వెంట్రుకలు, కొవ్వు, కండ ముక్కలు ఆపండి.
- మురుగు తొట్టికి సిమెంటు పూత వేయించి, వానలకు ముందు పగుళ్లు పూడ్చండి.
- వ్యర్థాలను మూత ఉన్న డబ్బాల్లో, అదే రోజు తరలించండి.

గుంటలు, తొట్ల దగ్గర

- దిగకుండానే బయటి నుంచి పొడుగు పారతో శుభ్రం చేయడానికి చూడండి.
- తప్పదనుకుంటే మూత తీసి, బ్లోయరుతో గాలి కొట్టి, గ్యాస్ మీటరుతో పరీక్షించండి.
- దిగేవారికి నడుము బెల్టు, తాడు కట్టి, పైన ఇద్దరిని నిలబెట్టండి.

ప్రమాదం జరిగితే

- కాస్టిక్ సోడా, యాసిడ్ కంట్లో పడితే ధారగా 20 నిమిషాలు నీళ్లు పోసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- చేయి కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్ల కింద ఉంచండి.
- నొప్పి లేని కురుపు లేచి, చుట్టూ వాచి, నడుమ నల్లటి పెచ్చు కడితే అదే రోజు డాక్టరుకు చూపించండి. దొమ్మ మొదట్లో యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది.
- మీరు తోళ్ల పని చేస్తారని డాక్టరు అడగకముందే చెప్పండి.
- ఊపిరాడక పడిపోయినవారి కోసం 108కి, గుంటలోంచి తీయడానికి 101కి ఫోన్ చేయండి.

చేయకూడనివి

సరుకు కొనేముందు

- ఎలా చచ్చిందో తెలియని పశువు తోలు చవకగా వచ్చినా కొనకండి.
- దొమ్మ అనుమానమున్న కళేబరాన్ని కోయకండి, ఒలవకండి; గాలి తగిలితే ఆ క్రిమి బీజంగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది.
- ఉప్పు వేసి ఎండబెడితే తోలు శుద్ధి అయిందనుకోకండి. దొమ్మ బీజాలు ఉప్పుకూ ఎండకూ చావవు.
- దొమ్మ అనుమానమున్న పశువు మాంసాన్ని పంచకండి, వండినా తినకండి.
- ఉడుము తోలు, జింక కొమ్ము, ముళ్లపంది ముళ్లు ముట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

ఒంటి రక్షణకు

- ఈసుకుపోయిన పిండాన్ని, మావిని వట్టి చేతులతో పట్టకండి. ఈసుడు రోగం మనుషులకూ సోకుతుంది.
- కత్తిని నోట పట్టుకోకండి, ఏప్రన్‌కు తుడవకండి.
- యంత్రం దగ్గర పైట, తువ్వాలు, వదులు చేతుల చొక్కాతో నిలబడకండి.
- పిల్లలను పని దగ్గరికి రానివ్వకండి.
- తోళ్లు నిలవచేసిన గదిలో అన్నం తినకండి, పడుకోకండి.

తోలు పనిలో

- తోళ్లను నేల మీద, ఎండలో, తడి సంచుల్లో కుక్కి పెట్టకండి.
- వాడిన ఉప్పును పొలంలో, కాలువలో పోయకండి, నేల చౌడవుతుంది.
- సోడియం సల్ఫైడ్ నీళ్లలో యాసిడ్ కలవనివ్వకండి. పుట్టే వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.
- యాసిడ్ పని నాపరాతి బండల మీద చేయకండి. యాసిడ్ ఆ రాయిని తినేసి నేలలోకి దిగుతుంది.
- క్రోమ్ పట్టించిన తోలు ముక్కలను పొయ్యిలో, ఇటుక బట్టీలో కాల్చకండి. మామూలు క్రోమియం విషపు క్రోమియంగా మారుతుంది.
- తంగేడు, కరక్కాయ నీళ్లు ప్రకృతివేనని చెరువులో వదలకండి. నీటిలోని ప్రాణవాయువును లాగేసి చేపలను చంపుతాయి.
- నిలబడ్డ చెట్టు మొదలు చుట్టూ చెక్క ఒలవకండి. చెట్టు నిలువునా ఎండిపోతుంది.

కొవ్వు, సబ్బు పనిలో

- కొవ్వు కరుగుతుండగా పొయ్యి వదిలి వెళ్లకండి.
- మండుతున్న కొవ్వు మీద నీళ్లు పోయకండి. మంట పైకి ఎగజిమ్ముతుంది.
- కాస్టిక్ సోడా మీద నీళ్లు పోయకండి. ఒక్కసారిగా మరిగి ముఖాన చిందుతుంది.
- అల్యూమినియం గిన్నె వాడకండి. కాస్టిక్ సోడా దాన్ని తినేసి మండే వాయువు పుట్టిస్తుంది.
- కాస్టిక్ నీళ్లను తాగునీటి సీసాల్లో పోసి ఉంచకండి.

ఎముకలు, రక్తం, పొట్టపేడ పనిలో

- ఎముకలు ఉడికించే పని వంటింటి కుక్కర్‌తో కానివ్వకండి. దాని వేడి 120 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతుంది.
- ఆవిరి యంత్రం సేఫ్టీ వాల్వుకు బరువు పెట్టకండి, తీగ చుట్టకండి.
- ఆవులకు, బర్రెలకు, గొర్రెలకు, మేకలకు మాంసపు పిండి, ఎముకల పిండి దాణాగా పెట్టకండి. 1986లో బ్రిటన్‌లో బయటపడ్డ మ్యాడ్ కౌ రోగం ఇలాంటి దాణాతోనే వ్యాపించింది.
- నీటి బుడగలున్న కాలేయం, ఊపిరితిత్తులను కుక్కలకు వేయకండి. పురుగు గుడ్లు కుక్కల ద్వారా మనుషుల్లో చేరతాయి.
- కోడి వ్యర్థాలను నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చెరువులకు అమ్మకండి.
- గోబర్ గ్యాస్ ప్లాంటులో రక్తం, కొవ్వు ఒక్కసారిగా కుమ్మరించకండి. గ్యాస్ తయారవడం ఆగిపోతుంది.

నీరు, మురుగు విషయంలో

- మురుగును కాగ్నా నదిలోకి, దానిలో కలిసే వాగుల్లోకి వదలకండి; ఆ నీరు కర్ణాటక ఊళ్ల మీదుగా భీమా నదిలోకి పోతుంది.
- పాడుబడ్డ నాపరాతి గనుల్లో వ్యర్థాలు పారబోయకండి. సున్నపురాతి పగుళ్ల గుండా మురుగు బోరుబావులకు చేరుతుంది.
- రైలు పట్టాల పక్కన, ఊరి బయట బొమికలు గుట్టలు పోయకండి. కుక్కల గుంపులు చేరతాయి.
- మురుగును మంచినీళ్లతో పలచన చేసి శుద్ధి చేశామనకండి.

గుంటలు, తొట్ల దగ్గర

- ఒంటరిగా ఏ గుంటలోకీ దిగకండి.
- కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందని గాలి బాగుపడిందనుకోకండి. ఆ వాయువు ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది.
- అగ్గిపుల్ల గీసి గాలిని పరీక్షించకండి.
- లోపల పడిపోయినవారి వెనకే రక్షిస్తామని దూకకండి. రెండో ప్రాణం పోయేది అలాగే.

ప్రమాదం జరిగితే

- కాలిన చోట పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయకండి.
- కాస్టిక్ పడ్డచోట నిమ్మరసం, వెనిగర్ పోయకండి, మంట పెరుగుతుంది.
- కాస్టిక్ సోడా మింగినవారికి వాంతి చేయించకండి. వెనక్కి వస్తూ గొంతును మళ్లీ కాలుస్తుంది.
- నల్లటి పెచ్చును గిల్లకండి, కోయకండి.
- కొన్న డబ్బు పోతుందని అనుమానపు తోళ్లను మంచి తోళ్లలో కలిపి అమ్మకండి. రోగం మీ ఊరు దాటి పోతుంది, చీటీ మీ పేరే చెబుతుంది.