చేయి వణకకుండా ఒక మాత్ర

గోటీలాటలో చివరి దెబ్బ మీది. రెండు బారల దూరంలో ఒక్క గోటీ మిగిలి ఉంది. దాన్ని కొడితే ఆట మీదే. ఇంతసేపూ గురి తప్పని వేలు ఇప్పుడే ఎందుకో సన్నగా వణుకుతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. చుట్టూ నిలబడ్డ వాళ్ళు "కొట్టు, కొట్టు" అంటున్నకొద్దీ వణుకు హెచ్చుతుందే గాని తగ్గదు. మీరు పరుగెత్తలేదు, బరువు మోయలేదు. మరి ఈ దడ ఎక్కడిది?

మన మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులున్నాయి. వీటిని అధివృక్క గ్రంథులంటారు. భయమో ఆత్రమో కలిగినప్పుడు ఇవి ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె కణాల మీద, కండరాల మీద బీటా గ్రాహకాలు అనే తావులుంటాయి. తాళంలో తాళంచెవి దూరినట్టు ఎడ్రినలిన్ వాటిలో ఇమిడిపోతుంది. వెంటనే గుండె వేగం పెరుగుతుంది, చేతివేళ్ళలో సన్నని కంపనం మొదలవుతుంది. కవ్వాల అడవిలో పులి ఎదురైతే ఈ ఏర్పాటు మనకు మేలే చేస్తుంది. గోటీ కొట్టేటప్పుడు మాత్రం చెరుపు.

నమ్మకం కలగకపోతే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. తీరికగా కూర్చుని సూదిలో దారం ఎక్కించండి. ఎన్ని సెకన్లు పట్టిందో స్నేహితుణ్ణి లెక్కపెట్టమనండి. తరువాత పదిమందిని చుట్టూ నిలబెట్టి, పందెం కట్టి, మళ్ళీ ఎక్కించండి. రెండు లెక్కలనూ పక్కపక్కన రాసి పోల్చండి.

ఇప్పుడు మందు సంగతికి వద్దాం. 1960లలో బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు గుండెనొప్పి రోగుల కోసం ఒక ఉపాయం ఆలోచించాడు. తాళంలో దూరుతుంది గాని దాన్ని తిప్పలేని తాళంచెవి ఒకటి తయారుచేస్తే? అది తాళాన్ని ఆక్రమించుకుని కూర్చుంటుంది, అసలు తాళంచెవికి చోటుండదు. ఎడ్రినలిన్ ఎంత వచ్చినా గుండె ఉలిక్కిపడదు. అలా వచ్చిన మందే ప్రొప్రనొలాల్. 1988లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఈ జాతి మందులను బీటా బ్లాకర్లంటారు. మీ ఇంట్లో తాతయ్యకు రక్తపోటు ఉంటే ఆయన మాత్రల అట్ట ఒకసారి చూడండి. అటెనొలాల్ అనో మెటొప్రొలాల్ అనో ఉంటే అది ఈ కుటుంబానిదే.

ఎందరి ప్రాణాలనో నిలిపిన ఈ మందు గురిచూసే ఆటగాళ్ళ కంట కూడా పడింది. నిజానికి చేయి వణకకుండా చూసుకోవాలన్న ఆశ ఈ మందు కంటే పాతది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వీడన్ ఆటగాడు హాన్స్ గున్నార్ లిల్జెన్‌వాల్ పిస్తోలు పోటీకి ముందు బీరు తాగి పట్టుబడ్డాడు. ఒలింపిక్స్ చరిత్రలో మత్తుమందుల పరీక్షలో దొరికి పతకం పోగొట్టుకున్న మొదటివాడు ఆయనే. 2008లో బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటరు కిమ్ జోంగ్ సు మూత్రంలో ప్రొప్రనొలాల్ కనిపించింది. ఆయన గెలిచిన ఒక రజతం, ఒక కాంస్యం రెండూ వెనక్కు తీసుకున్నారు.

ఈ మాత్ర నిజంగానే గురిని బాగుచేస్తుందా, లేక అది ఉత్త నమ్మకమా? 1986లో అచ్చయిన ఒక ప్రయోగం దీనికి జవాబిచ్చింది. 33 మంది పిస్తోలు షూటర్లను తీసుకున్నారు. ప్రతివాడికీ ఒకసారి మెటొప్రొలాల్, ఇంకోసారి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చారు. ఏది ఎప్పుడు మింగుతున్నదీ షూటరుకు తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. ఫలితాలు చూస్తే, పూర్తి మార్కులైన 600కు ఎన్ని తగ్గాయో ఆ లోటులో సగటున 13.4 శాతం మెటొప్రొలాల్ పూడ్చింది. లెక్క వేసి చూడండి. 540 కొట్టేవాడికి లోటు 60. అందులో 13.4 శాతమంటే 8 మార్కులు. పతకాలు ఒకటి రెండు మార్కుల తేడాతో చేతులు మారే ఆటలో 8 మార్కులు తక్కువేమీ కాదు.

ఈ ప్రయోగంలో నాకు ఎక్కువ నచ్చిన సంగతి మరొకటుంది. గుండె నెమ్మదించడం వల్లనే గురి కుదురుతుందని అందరూ అనుకున్నారు. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో చుట్టుకు 0.8 సెకను పడుతుంది. వేగం పెరిగేకొద్దీ రెండు దెబ్బల మధ్య ఉండే నిశ్శబ్దం కుంచించుకుపోతుంది, కాబట్టి ఈ ఊహ సబబుగానే తోస్తుంది. కాని ఎవరి గుండె ఎంత తగ్గింది, ఎవరి గురి ఎంత పెరిగింది అని పక్కపక్కన పెట్టి చూస్తే రెంటికీ పొంతన కుదరలేదు. అసలు మేలు చేతివణుకు తగ్గడం వల్ల కలిగిందని ప్రయోగం చేసినవారు తేల్చారు. సబబుగా తోచే ఊహ కూడా తప్పు కావచ్చునన్నమాట.

ఇక చలి ఆటలకు పోదాం. తెలంగాణలో చలికి పేరుపడ్డది ఆదిలాబాదే అయినా అక్కడా మంచు కురవదు, కాబట్టి ఈ ఆటలు మనం చూసి ఎరగం. కాని వాటిలో ఒకదానికి వాడే వస్తువు మాత్రం మనకు బాగా తెలుసు. కరీంనగర్ చుట్టుపక్కల కొండల నుంచి గ్రానైటు దిమ్మెలు కాకినాడ రేవు మీదుగా విదేశాలకు పోవడం మీరు వినే ఉంటారు. అటువంటి గ్రానైటుతోనే ఆడే ఆట కర్లింగ్. మన రాయి కాదు, స్కాట్లండు పక్కనున్న ఏల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి రాయి దీనికి ప్రసిద్ధం. 20 కిలోలకు కొంచెం తక్కువ బరువుండే, పిడి ఉన్న గుండ్రని రాయిని మంచుగడ్డ మీద జారవిడుస్తారు. అది దాదాపు 28 మీటర్లు జారి, అవతల గీసిన వలయాల నడుమ ఆగాలి. గోటీలాటకు పెద్దన్న అనుకోండి. ఎదుటివాడి రాయిని కొట్టి తరిమేయడం కూడా ఇందులో ఉంది.

చూడడానికి ఇది తీరుబడి ఆటలాగే ఉంటుంది. అందుకే 2018లో కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన చలికాలపు ఒలింపిక్స్‌లో రష్యా కర్లింగ్ ఆటగాడు అలెగ్జాండర్ క్రుషెల్నిత్‌స్కీ మెల్డోనియం వాడాడని తేలినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. "రాయి జారవిడవడానికి మందెందుకు?" అని చాలామంది నవ్వారు. మెల్డోనియం బీటా బ్లాకరు కాదు. అది శరీరం కొవ్వుకు బదులు గ్లూకోజును ఎక్కువగా వాడుకునేట్టు చేసి, తక్కువ ఆక్సిజన్‌తో పని జరిపిస్తుంది. 2016 జనవరి 1 నుంచి ఆటల్లో దానిపై నిషేధముంది. క్రుషెల్నిత్‌స్కీ, ఆయన భార్య అనస్తాసియా బ్రిజ్‌గలోవా కలిసి గెలిచిన కాంస్యం నార్వే జంటకు పోయింది. ఆయనపై నాలుగేళ్ళ నిషేధం పడింది.

నవ్వినవాళ్ళు ఒక సంగతి మరిచారు. జారుతున్న రాయి ముందు ఆటగాళ్ళు చీపురులాంటి బ్రష్షులతో మంచును గట్టిగా రుద్దుకుంటూ పోతారు. రాపిడికి మంచు పైపొర వేడెక్కి ఘర్షణ తగ్గుతుంది, రాయి మరికొంత దూరం పోతుంది. అలా రుద్దేవాడికి చెమటలు పడతాయి. పైకి శ్రమ లేనట్టు కనిపించే ఆటలో ఎవరు ఎప్పుడు ఎంత శ్రమిస్తున్నారో చూడకుండా మందుతో పనిలేదని తీర్మానించరాదు.

చక్రాల కుర్చీ కర్లింగ్‌లో మాత్రం ఈ రుద్దడం లేదు. రాయి వదిలాక చేయగలిగిందేమీ ఉండదు. అంటే పని అంతా చేతి నిలకడదే. 2010లో వాంకూవర్ పారాలింపిక్స్‌లో స్వీడన్ ఆటగాడు గ్లెన్ ఐకోనెన్ మూత్రంలో మెటొప్రొలాల్ దొరికింది. రక్తపోటుకు డాక్టరు రాసిచ్చిన మందది. తాతయ్యల అట్టల్లో ఉండే అదే మాత్ర! అయినా ఆయన తప్పించుకోలేకపోయాడు. ఈ నియమాలలో మందు ఒంట్లోకి ఎలా వచ్చిందన్నది తరువాతి మాట. ఉన్నదంటే చాలు, అది ఉల్లంఘనే. కావాలని వాడినవాడికీ అజాగ్రత్తగా మింగినవాడికీ శిక్షలో తేడా ఉండవచ్చు గాని ఫలితం రద్దు కావడంలో తేడా లేదు. ఇది కఠినమే. కాని "నాకు తెలియదు" అన్న ప్రతివాణ్ణీ వదిలేస్తే నియమమే మిగలదు కదా!

రెండేళ్ళ తరువాత, 2012 జాబితాలో, బీటా బ్లాకర్ల నిషేధం ఉన్న ఆటల నుంచి కర్లింగ్‌ను తీసేశారు. మందు మారలేదు, ఆట మారలేదు, మనుషుల అంచనా మారింది. 1999లో ఏర్పడిన ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, ఏటా ఈ జాబితాను తిరగరాస్తుంది. విలువిద్య, షూటింగ్ మాత్రం అందులో నిలిచే ఉన్నాయి. ఈ రెంటిలోనూ పోటీ రోజునే కాదు, సాధన రోజుల్లోనూ బీటా బ్లాకర్లు వాడకూడదు.

పట్టుకోవడం ఎలాగో చూద్దాం. ఆటగాడు అధికారి కళ్ళ ఎదుట కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. దాన్ని ఎ, బి అనే రెండు సీసాల్లో పోసి ముద్ర వేస్తారు. సీసా మీద పేరుండదు, అంకె మాత్రమే. ఎ సీసాలో మందు కనిపిస్తే, ఆటగాడు కోరినప్పుడు అతని ఎదుటనే బి సీసా తెరుస్తారు. మన దేశంలో ఈ పని ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాల చేస్తుంది. ప్రమాణాలు సరిగా లేవని 2019లో దాని గుర్తింపును వాడా నిలిపివేసి, 2021 డిసెంబరులో తిరిగి ఇచ్చింది. పరీక్షించేవారికి కూడా పరీక్షలుంటాయి!

మూత్రంలో వందలాది పదార్థాలు కలిసి ఉంటాయి. మొదట వాటిని విడదీయాలి. ఒక సుద్దముక్క మీద అడుగున కొంచెం పైగా నల్ల స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టి, చుక్క మునగకుండా సుద్దను నీళ్ళలో నిలబెట్టండి. నీరు పైకి పాకేకొద్దీ నలుపు నీలంగా, ఎరుపుగా, పసుపుగా విడిపోవడం చూస్తారు. ప్రయోగశాలలోనూ సన్నని గొట్టంలో ఇలాగే ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో నడిచి వేర్వేరు సమయాల్లో బయటికి వస్తుంది. దీన్ని క్రొమటోగ్రఫీ అంటారు. తరువాత మాస్ స్పెక్ట్రోమీటరు ఆ అణువులను ముక్కలు చేసి, ముక్కల బరువు తూస్తుంది. కళ్ళంలో వడ్లు తూర్పారబట్టినప్పుడు గట్టిగింజ దగ్గర, తాలు దూరంగా పడ్డట్టు, బరువును బట్టి ముక్కలు వేరవుతాయి. మెటొప్రొలాల్ విరిగితే వచ్చే ముక్కల వరుస మరొక పదార్థానికి రాదు. అదే దాని వేలిముద్ర.

ఇదంతా మనకు దూరపు కథ కాదు. కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. ఆదిలాబాద్ అడవుల్లో గోండులకు విల్లు కొత్తది కాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన పెద్దపల్లి అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యువ విలువిద్య పోటీల్లో, 21 ఏళ్ళలోపు కాంపౌండ్ విల్లు విభాగంలో స్వర్ణం గెలిచింది. ఆ విభాగంలో గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పది మార్కుల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లే. విల్లు ఒక డిగ్రీలో పదోవంతు పక్కకు జరిగితే బాణం 8.7 సెంటీమీటర్లు తప్పుతుంది. చేతివణుకు ఎంత ఖరీదైనదో ఈ లెక్కే చెబుతుంది.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించండి. విలువిద్య సాధన చేసే తొమ్మిదో తరగతి అమ్మాయికి తరచు పార్శ్వపు తలనొప్పి వస్తుంది. ఆ నొప్పి రాకుండా డాక్టర్లు రాసే మందుల్లో ప్రొప్రనొలాల్ ఒకటి! ఆమెకు మోసం చేసే ఉద్దేశం లేదు, డాక్టరుకూ లేదు. ఆమె విల్లు పడుతుందన్న సంగతే ఆయనకు తెలియదు. చీటీ రాసే ముందే "నేను విలువిద్య పోటీలకు పోతానండీ" అని ఆమె చెబితే, జాబితాలో లేని మరో మందు ఆయన చూడవచ్చు. నిషేధిత మందు తప్పనిసరైతే ముందుగా అనుమతి కోరే పద్ధతి ఒకటుంది గాని, గురిచూసే ఆటలో బీటా బ్లాకరుకు అది దొరకడం కష్టం. ఇక ఇప్పటికే ఆ మాత్ర వాడుతుంటే, పోటీ దగ్గరపడిందని డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానేయకూడదు. ఇన్నాళ్ళూ మూసి ఉన్న తాళాలన్నీ ఒకేసారి తెరుచుకుని గుండె మునుపటికంటే జోరుగా కొట్టుకుంటుంది.